సలాలా దారిలో పెద్దన్న

మొన్న మంగళవారం పొద్దున నిజామాబాద్ బస్టాండు దగ్గర ఆటో ఆపుకొని చాయ్ తాగుతుంటే, వర్ని నుంచి వదిన ఫోన్ చేసింది. "తమ్మీ, మీ అన్న పోయిండు" అన్నది. ఇంకెవరో ఫోన్ అందుకొని, రాత్రి నుంచి ఊపిరి ఆడలేదని, తెల్లారేసరికి అయిపోయిందని చెప్పారు. చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే చల్లారింది.

ఆయన నాకు చుట్టం కాదు, మా కులం కాదు. మస్కట్ ఊరి చివర ఒక రేకుల గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. అందరిలో వయసున్నవాడు కాబట్టి ఆయన మాకు రూం పెద్దన్న. మీలో గల్ఫ్ పోయొచ్చిన వాళ్లకు చెప్పక్కర్లేదు, అక్కడ మనిషికి పేరుండదు, ఊరే పేరు. నేను బోధన్, ఇంకొకడు ధర్పల్లి, మరొకడు నవీపేట్. ఆయనను మాత్రం ఎవరం వర్ని అనలేదు, పెద్దన్న అనే పిలిచాం.

చెరుకు పండించిన ఇంటివాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నాళ్లు వరి వేసి, అది కుదరక, మేస్త్రీ పని నేర్చుకొని మస్కట్ చేరాడు. మొదటి యజమాని దగ్గర ఇమడలేక బయటికి వచ్చేశాడు. పాస్‌పోర్ట్ అక్కడే ఉండిపోయింది. అట్లా కాగితాలు లేకుండా బతికేవాళ్లను మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టి అట్లాంటి వాళ్లందరినీ ఇళ్లకు పంపినప్పుడు కూడా ఆయన పోలేదు. పోతే మళ్లీ రానివ్వరని భయం. ఆరేళ్లు పెద్ద రోడ్డు ఎక్కకుండా, వెనక గల్లీల్లోంచే పనికి పోయి వచ్చేవాడు. పోలీసు బండి చప్పుడు మాకంటే ముందు ఆయన చెవిన పడేది.

గదిలో ఎవరికైనా ఇంటి నుంచి చెడ్డ కబురు వస్తే ఓదార్చడం ఆయనకు చేతనయ్యేది కాదు. పచ్చిపులుసు పోసి కంచం ముందర పెట్టేవాడు. "ముందుగాల తిను. అటెన్క ఎంతసేపన్న ఏడువు, నేనీడనే ఉంట" అనేవాడు. నిజంగానే అక్కడే కూర్చునేవాడు. మా నాయన పోయిన రోజు నా పక్కన ఆయన ఎంతసేపు కూర్చున్నాడో నాకు గుర్తు లేదు, లేచిపోలేదని మాత్రం గుర్తుంది.

ఆ ఏడు బక్రీద్ సెలవుల్లో సలాలా పోదామనుకున్నాం. ఒమన్ అంతా మండిపోతుంటే, ఆ ఒక్క మూలన కొండల మీద మబ్బు దిగి, సన్నటి వాన పడుతుంది. నాకు లైసెన్సు ఉంది, తెలిసిన కేరళ దుకాణదారు కారిచ్చాడు. నేను, ధర్పల్లి, నవీపేట్, ముగ్గురమే అనుకున్నాం. బయల్దేరే పొద్దున పెద్దన్న కొత్త చొక్కా తొడుక్కొని కారు పక్కన నిలబడ్డాడు.

"నేను గూడ వస్త."

"అన్నా, దారి పొడుగూత చెక్‌పోస్టులుంటయి" అన్నాను.

"ఉంటే ఉండనియ్. ముసురు జూసి ఆరేండ్లాయె తమ్మీ. ఒక్కపారి జూస్త."

ఇసుక తప్ప ఏమీ లేని దారిలో రోజంతా నడిపాను. ఒక చెక్‌పోస్టు దగ్గర పోలీసు నా లైసెన్సు చూసి, లోపలికి ఒకసారి తొంగిచూసి పొమ్మన్నాడు. చాలా దూరం పోయాక గానీ వెనక సీట్లో పెద్దన్న ఊపిరి వదిలిన చప్పుడు వినపడలేదు.

సలాలా కొండ ఎక్కాక, అద్దం మీద మొదటి తుంపర పడగానే "ఆపుర" అన్నాడు. దిగి, గడ్డిలో చెప్పులు విడిచి నిలబడ్డాడు. మేం కారులోంచే చూస్తున్నాం. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. వంగి గుప్పెడు మట్టి తీసి పిసికి చూశాడు. "ఈ మన్నుల చెరుకు మంచిగ వస్తదిర" అన్నాడు. ఏడుస్తున్నాడో, వానో తెలియలేదు. ఆయన అంత సంతోషంగా ఉండటం అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం అదే కొండ దిగుతున్నాం. పది అడుగుల అవతల ఏముందో కనపడనంత మబ్బు. నిదానంగా పోవాల్సింది. నేను పోలేదు. ఉన్నట్టుండి ముందర ఒంటె నిలబడి ఉంది. స్టీరింగ్ తిప్పాను. కారు రోడ్డు దిగి, పల్లంలో బండరాయికి గుద్దుకొని ఆగింది.

ధర్పల్లికి చెయ్యి విరిగింది. నవీపేట్‌కు నుదురు చిట్లింది. నా ఎడమ కాలు నలిగిన కారు ముందు భాగంలో ఇరుక్కుపోయింది, రక్తం ఆగటం లేదు. పెద్దన్న చొక్కా విప్పి నా తొడకు బిగించి కట్టి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. పైన రోడ్డు మీద ఆగిన అరబ్బులు పోలీసులకు ఫోన్ చేస్తున్నారు.

నవీపేట్‌కు ముందుగా అర్థమైంది. "అన్నా, పోలీసోళ్లు వస్తున్రు. నువ్వు గట్ల కిందికెళ్లి దిగి పో. మబ్బుల ఎవలకు కనవడవు. మేం జూస్కుంటం."

"యాడికి పోవాల్నిర? చెయ్యి తీస్తే రక్తం కారవట్టె."

నేను పట్టుకుంటానని నవీపేట్ చేతులు చాచాడు. నుదుటి రక్తం అతని కళ్లలోకి కారుతోంది. పెద్దన్న చూసి వద్దన్నాడు. నేను కూడా "పో అన్నా, నీకు దండం పెడ్త" అన్నాను.

"నోర్మూస్కొని నా మొకం జూడు. కండ్లు మూయకు" అన్నాడు.

మా మీద సన్నగా వాన పడుతూనే ఉంది. ఎంతసేపో తెలియదు, ఆయన ముఖం చూస్తూనే ఉన్నాను. పోలీసులు వచ్చారు. నన్ను బయటికి లాగి అంబులెన్సులో పెట్టేదాకా ఆయన చెయ్యి తీయలేదు. తర్వాత ఒక పోలీసు గుర్తింపు కార్డు అడిగాడు. పెద్దన్న రెండు చేతులూ విప్పి చూపించాడు, నా రక్తం తప్ప ఏమీ లేదు. బనీను మీదే పోలీసు బండి ఎక్కాడు.

నేను మూడు నెలలు ఆసుపత్రిలో ఉన్నాను. ఆయనను కొన్ని వారాలు జైల్లో ఉంచి, ఇండియాకు పంపేశారు. జైల్లో ఉన్నప్పుడే వర్నిలో ఆయనను కన్న అవ్వ చనిపోయింది. ఆ సంగతి ఇంటి గడప దగ్గర నిలబడ్డాకే ఆయనకు తెలిసింది.

ఏడాదికి నేను కుంటుకుంటూ తిరిగి వచ్చేసరికి, ఆయన నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోస్తున్నాడు. చూడటానికి పోయాను. "నా వల్లనే నీ బతుకు ఆగమైంది అన్నా" అన్నాను.

"ఆగమెందుకైతదిర? సర్కారోడే ఇమానం ఎక్కించి పంపిండు" అని నవ్వాడు. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. అంతకాలం సిమెంటు, ఇప్పుడు పసుపు దుమ్ము. డాక్టర్ దగ్గరికి పోదామంటే, రేపు పోదామనేవాడు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను ఆటో కొన్నాక, యార్డు నుంచి బస్టాండుకు దింపుతానని ఎన్నోసార్లు పిలిచాను. ఆయన ఒక్కసారీ ఎక్కలేదు. "నడుస్త తీయ్, గింత దూరమే" అనేవాడు. అది భయమో, కోపమో, నిజంగానే నడవాలనుకున్నాడో నాకు తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు. ఇప్పుడు అడగటానికి ఆయన లేడు.

మంగళవారం మధ్యాహ్నం వర్ని కాలువ పక్కన దహనం. ధర్పల్లి వచ్చాడు. నవీపేట్ ఇంకా మస్కట్‌లోనే ఉన్నాడు, వీడియో కాల్ చేశాడు. "అన్నను సూపియ్" అన్నాడు. ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. కొడుకు నిప్పు పెట్టాడు. తడి కట్టెలు, పొగ ఎక్కువ వచ్చింది.

"కనవడ్తలేదన్నా" అన్నాడు నవీపేట్.

చెయ్యి కాలేంత దగ్గరికి పోయి నిలబడ్డాను. ఫోన్‌లో చూస్తే నవీపేట్ హెల్మెట్ తీసి ఎండలో నిలబడి ఉన్నాడు. అతని వెనక, సగం కట్టిన గోడ నీడలో కూర్చున్న ఐదారుగురు కూలీలు, ఎవరు పోయారో తెలియకపోయినా, ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు.