దగ్గు లేదన్న కాగితం

నేను నాలుగో తరగతి చదివాను. నా కూతురు అమల తిరుపతి యూనివర్సిటీలో సోషల్ వర్క్ పిహెచ్‌డీ దాకా పోయింది. ఆ చదువు పేరు సరిగా పలకడానికే నాకు ఏడాది పట్టింది.

మాది నగరి. ఆమె నాయన రాజారత్నం, ఆదిమూలం అనే యజమాని షెడ్డులో మరమగ్గం నడిపేవాడు. షెడ్డు గోడకు ఆనుకునే మా ఇల్లు. ఆ చప్పుడులో పెరిగిన పిల్లకు మెల్లగా మాట్లాడటం రాదు. హాస్టల్లో జాహ్నవి అనే అమ్మాయి, "మే, మగ్గం ఆపేసినారు, ఇంక అరవొద్దు" అని ఎగతాళి చేసేదట. ఆ మాట విని ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వు చివర దగ్గు వచ్చింది. ఆ దగ్గు కూడా మాకు మగ్గం చప్పుడులాగే అలవాటైపోయింది.

పరిశోధనకు అమల మగ్గాలవాళ్లనే ఎంచుకుంది. నూలు దుమ్ముతో జబ్బు చేసిన మనిషి ఉన్న ఇంట్లో ఆడవాళ్లు ఎట్లా నెట్టుకొస్తారో రాయాలనుకుంది. రెండేళ్ల కిందట ఎండాకాలం ఫారాలు పట్టుకుని వీధులన్నీ తిరిగింది. ఒక్క ఇల్లూ వదలకూడదని మా ఇంటికీ వచ్చి, కొత్త మనిషిలా చాప మీద కూర్చుంది.

"నాయనా, దగ్గు ఉండాదా?"

"లేదు."

"నాకు తెలీదా నాయనా?"

"తెలిస్తే నన్నెందుకు అడిగేది? లేదనే రాయి పాపా. ఆదిమూలమన్న సెవిన పడితే రేపే నా మగ్గం ఇంకొకనికి ఇస్తాడు."

"పేర్లు ఎవురికీ చెప్పం."

"సంతకం పెట్టమంటావు, పేరు బయటికి రాదంటావు. బాగుండాది నీ సదువు!"

అమల నా వైపు తిరిగింది. "అమ్మా, నువ్వన్నా చెప్పు."

ఆ వారమే ఆయన తువ్వాలులో రక్తపు చార చూసి, ఉతికి ఆరేసింది నేనే. ఆయన నన్నే చూస్తున్నాడు.

"ఆయన చెప్పిందే రాయి," అన్నాను.

తనకు తెలిసింది కాకుండా, వాళ్లు చెప్పిందే రాయాలట. ఆ చదువు పద్ధతి అది. అమల "లేదు" అని రాసింది. ఆయన సంతకం పెట్టాడు.

నాలుగు నెలల కిందట ఆయనను తిరుపతిలో ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ఊపిరితిత్తులు పాడైపోయాయి. పదకొండు రోజులే బతికాడు. ఆ తర్వాత అమల తన పరిశోధన పుస్తకం రాయడం ఆపేసింది. గడువు దాటితే ఇన్నేళ్ల చదువూ పోతుందని గైడు మేడం ఫోన్ల మీద ఫోన్లు చేసింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఫారాలన్నీ నేల మీద పరుచుకుని కూర్చుంది. అప్పుడు తువ్వాలు సంగతి చెప్పాను.

"తప్పు నాది పాపా. ఇప్పుడు రాసెయ్, దగ్గు ఉండిందని. నేను సంతకం పెడతా."

"పోయినోళ్ల జవాబు మార్చకూడదమ్మా." పరిచిన ఫారాల మీదికి చెయ్యి చూపించింది. "నాయన ఒక్కడేనా? ఇవి సూడు. నూటా పద్దెనిమిది మంది. అందరిదీ లేదు, లేదు, లేదు. నీ మాదిరి ఎంతమంది ఉతికి ఆరేసినారో! నేనింక ఏం రాసేది? మగ్గాలోళ్లకు ఏ జబ్బూ లేదని రాయాల్నా?"

ఆమె కాగితాలు మూటకట్టి అటక మీదికి తోసింది.

మొన్న బుధవారం గడువు దాటిపోయింది. అమల ఇంట్లోనే ఉంది. ఇప్పుడు మెల్లగా మాట్లాడుతోంది. షెడ్డు చప్పుడులో నాకు సగం వినబడదు. మళ్లీ చెప్పమని అడగడానికి నోరు రాదు.