మడి వంటింట్లోకి పంపు స్టవ్వు

నాగర్‌కర్నూల్‌లో మా ఆయన దాయాదుల ఇంట ఒడుగు జరిగింది. ఆయన బయలుదేరేటప్పుడు నేను అడిగింది ఒక్కటే, అక్కడ మంచి ఇత్తడి గుండిగ దొరికితే తెమ్మని. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో ఇత్తడి వస్తువే ఉంది. గుండిగ కాదు.

తుప్పుపట్టిన రేకు పెట్టె అది. మూత తీస్తే లోపల చెంబంత ఇత్తడి బుడ్డి, విడదీసిన మూడు కాళ్లు, పైన అమర్చే ఒక రింగు. బుడ్డికి ఒక పక్క సొట్ట. నల్లమల అడవిలో డేరాలు వేసుకుంటూ దౌరాలు తిరిగిన అధికారి ఒకడు బదిలీ అయి పోతూ డేరా సామానంతా అమ్మేశాడట. మడత మంచం, కుర్చీలు ఎవరెవరో కొనుక్కున్నారు. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదట.

"గిదేందండి?" అన్నాను.

"స్టవ్వు. గ్యాసునూనెతోని మండుతది. అడవిల గూడ వండుకోవచ్చు." కిరసనాయిలును మా వైపు గ్యాసునూనె అనేవారు.

"మండుతదా?"

"ఇప్పుడైతే మండది."

ఆ మాట ఎంతో సంతోషంగా చెప్పారు. మండే స్టవ్వయితే ఆయన కొని ఉండేవారు కాదు.

మా ఆయన గద్వాలలో బడిపంతులు. పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చి, మిగిలిన పొద్దంతా వసారాలో కూచుని దౌరా స్టవ్వులు బాగుచేసేవారు. అదొక పిచ్చి. చలికాలం దౌరాలు మొదలయ్యే ముందు అధికారుల బంట్రోతులు తలా ఒక స్టవ్వు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడేవారు. ఆయన గోనెపట్టా పరిచి, విప్పిన ముక్కలు విప్పిన వరసలోనే పేర్చేవారు. ఆ పట్టా చుట్టుపక్కల చీపురు వేయడానికి వీల్లేదు. మా వసారాలో ఒక మూల ఏడాది పొడుగునా ఊడవకుండా ఉండేదంటే కారణం అదే. వచ్చినవాళ్లు మాత్రం నా బద్ధకం అనుకునేవారు.

పని మాత్రం శ్రద్ధగా చేసేవారు. మంట వచ్చే రంధ్రం వెంట్రుకంత ఉంటుంది. అది మూసుకుపోతే కొందరు బట్టల సూదితో పొడుస్తారు. రంధ్రం పెద్దదైపోతుంది, ఇక ఆ స్టవ్వు నీలిమంట ఇవ్వదు, పసుపుపచ్చ మంటతో గిన్నెలకు మసి పూస్తుంది. ఆయన సన్నని ఉక్కుతీగ ఒకటి దాచుకుని దానితో మాత్రమే శుభ్రం చేసేవారు. అతుకుల దగ్గర గాలి పోతోందా అని చూడడానికి కుంకుడుకాయ నురుగు పూసేవారు. బుడగ లేచిన చోట లోపం ఉన్నట్టు. ఆ కుంకుడు రసం నేను తలంటుకోవడానికి నానబెట్టుకున్నది.

"ఊరోళ్ల డేరాలల్ల నీలిమంట, మన ఇంట్ల పొగ," అని నేను అంటుండేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు. మా ఇంట్లో స్టవ్వు వెలిగించడం ఆయన చేతిలో లేదు. వంటిల్లు మా అత్తగారిది.

ఆమెది రాయచూరు వైపు పుట్టిల్లు. కోపం వస్తే మాటల్లో కన్నడం దొర్లేది. మామగారు పోయిన తరువాత స్వయంపాకం నియమం పెట్టుకుంది. మడికట్టుకుని తను వండుకున్నదే తింటుంది, మరొకరి చేతి మెతుకు ముట్టదు. ఆమె వంట ముగిసేదాకా మేము గడప దాటి లోపలికి పోకూడదు. ఆ తరువాతే నేను మా ఇద్దరికీ వండేదాన్ని.

ఆమెకు ఉబ్బసం. పొయ్యిలోకి కందికట్టె, పత్తికట్టె. ఎండాకాలం ఎట్లాగో గడిచేది. కట్టె నెమ్మెక్కిందంటే వంటిల్లు పొగతో నిండిపోయేది. మేము వసారాలో కూచుని ఆమె దగ్గు వింటూ ఉండేవాళ్లం. దగ్గు వినిపిస్తున్నంతసేపూ ఆయన పని చేసుకునేవారు. ఆగిపోతే ఇద్దరం తల ఎత్తేవాళ్లం. మళ్లీ మొదలైతే స్థిమితపడేవాళ్లం. దగ్గు విని నెమ్మదించే ఇల్లు మాదొక్కటేనేమో.

ఆ ఎండాకాలం చివర ఆమెను వనపర్తి దవాఖానకు తీసుకుపోయాము. వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి బండి కట్టించుకున్నాము. దారంతా ఆమె, దవాఖాన నీళ్లు తాగనని ముందే చెబుతూ వచ్చింది. డాక్టరు ఆమె వీపు మీద చెవి గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"అమ్మా, పొగ బంద్ చెయ్యాలె," అన్నాడు. "వచ్చే వానకాలం గిట్లనే పొగల కూసుంటే నా మందు పని చెయ్యది. ఆ తర్వాత నన్ను అడగొద్దు."

"మరి అన్నం ఎట్ల ఉడుకుతది?"

"కోడలు వండదా?"

"వండుతది. నేను తినను."

డాక్టరు మా ఆయన వైపు చూశాడు. ఆయన కళ్లు అప్పటికే మెరుస్తున్నాయి. నాగర్‌కర్నూల్ పెట్టె ఆయన మనసులో మెదిలిందని నాకు అర్థమైంది. కన్నతల్లి ఊపిరికి ముప్పు వచ్చినందుకు బాధ ఉంది ఆయనకు, నిజమే. స్టవ్వుకు మంచి కారణం దొరికిన సంతోషం కూడా ఉంది. రెండూ ఒకే ముఖంలో ఉన్నాయి.

వారం తిరగకముందే దాన్ని విప్పి, చింతపండుతో తోమి, చిలుము వదలగొట్టి, వసారాలో వెలిగించారు. మంట నీలంగా గుండ్రంగా లేచింది. అత్తగారు వంటింటి గడప మీద నిలబడి చూసింది.

"లోటాకు కాళ్లు పెట్టినట్టుంది," అంది. "గ్యాసునూనె భూమిలకెల్లి వచ్చేదే గద. దానికి మైల లేదు. ఆ గిన్నెల పోసిందేంది, కల్లుదుకాణం వాసనొస్తుంది?"

"స్పిరిట్ అమ్మా. ముందుగాల దాన్ని వేడిచేయాలె, అప్పుడే నూనె ఆవిరై మండుతది."

"అది బ్యాడ, వద్దు. కర్పూరం పెట్టు. అదీ మండేదేగా."

కర్పూరంతో కూడా వేడెక్కింది. ఇంకేముంది అనుకున్నాము. అప్పుడు ఆమె అడిగింది.

"లోపల ఏమేమున్నయిరా?"

మా ఆయనకు అబద్ధమాడడం చేతకాదు. అది గొప్ప గుణమని పదిమంది అనేవారు. వాళ్లెవరూ ఆయనతో కాపురం చేయలేదు.

"ఇత్తడి, ఉక్కు, సీసం," అని ఆగి, "పంపు కడ్డీ కొసకు గింతంత తోలు," అన్నారు.

"తోలా?"

"గుండీ అంత, అమ్మా. అది లేకుంటే పంపు గాలి పట్టది."

"చెప్పులు విడిచి వచ్చే ఇంట్లకు చెప్పు ముక్క తెస్తవా? సాకు. తీసెయ్యి దాన్ని."

కన్నడంలో సాకు అంటే చాలు. ఆ మాట తరువాత మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఇక అప్పటినుంచి తోలు లేని పంపు కోసం ఆయన పడ్డ పాట్లు చెప్పాలి. పట్టు మడికి పనికివస్తుంది కదా అని నా పాత గద్వాల చీర కొంగు కత్తిరించి, నాలుగు పొరలు కుట్టి కడ్డీకి తొడిగారు. నన్ను అడగలేదు. చీర కోసం పెట్టె తెరిచినప్పుడు నాకే తెలిసింది. పట్టులోంచి గాలి సులువుగా పోయింది.

"జరీ వైపు కోస్తే ఆగేదేమో," అన్నారు నాతో.

"మిగిలిన చీర గూడ తెమ్మంటరా?" అన్నాను.

తరువాత సైకిలు ట్యూబు. రబ్బరు చెట్టు పాలే కనుక అత్తగారు ఒప్పుకుంది. పొద్దున అమర్చితే బాగానే పట్టింది. మధ్యాహ్నానికి గ్యాసునూనె తగిలి రబ్బరు ఉబ్బి కడ్డీ ఇరుక్కుపోయింది. ఆయన బుడ్డిని రెండు పాదాల మధ్య పట్టుకుని బలమంతా పెట్టి లాగారు. కడ్డీ ఊడింది, ఆయన వెల్లకిలా పడ్డారు. అత్తగారు గడప మీద కూచుని పకపక నవ్వింది. ఆ నవ్వు దగ్గుగా మారింది. చాలాసేపు ఆగలేదు. ఆయన నేల మీదినుంచి లేవకుండా అట్లాగే చూస్తూ ఉండిపోయారు. ఆ తరువాత ఆ పూట స్టవ్వు ముట్టలేదు.

మేమిద్దరం ఒక మాట అనకుండా దాటవేస్తూ వచ్చాము. పూజగదిలో గోడకు, మేకు మీద, చుట్టచుట్టి వేలాడుతున్న జింకచర్మం ఉంది. మామగారిది. ఆయన దాని మీద కూచునే జపం చేసుకునేవారు. జింకచర్మానికి మడి దోషం లేదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే ఆయన పోయిన తరువాత దాని మీద ఎవరూ కూచోలేదు. ఏడాదికొకసారి తద్దినం నాడు అత్తగారు దించి, దులిపి, మళ్లీ చుట్టి పెట్టేది. దానికి కత్తెర పెట్టమని అడగడం మా ఇద్దరివల్లా కాలేదు.

వాన ముందే వచ్చింది. కందికట్టె తడిసింది. ఒక పొద్దున లోపల దగ్గు ఆగింది. మేము తల ఎత్తాము. మళ్లీ మొదలవలేదు. ఆయన మైలబట్టలతోనే గడప దాటి పరుగెత్తారు. పొగలో ఆమె గోడకు ఆనుకుని కూచుని ఉంది, పెదవులు నల్లబడి ఉన్నాయి. ఎత్తుకుని వసారాలోకి తెచ్చారు. కొంతసేపటికి ఊపిరి ఆడింది. కళ్లు తెరిచి ఆమె అన్న మొదటి మాట, "ముట్టుకుంటివి. అన్నం పాయె."

ఆ రోజు ఆమె ఉపవాసం.

మధ్యాహ్నం ఆమె లేచి, స్నానం చేసి, పూజగదిలోకి వెళ్లింది. జింకచర్మం తెచ్చి కొడుకు ముందు పరిచింది.

"ఎంత కావాల్నో గియ్యి."

"వద్దమ్మా."

"ఇది గోడకున్నదని నీకు మొదటినుంచి తెలుసు గదరా?"

ఆయన చర్మాన్ని మళ్లీ చుట్టబోయారు. ఆమె నా వైపు తిరిగింది.

"నీకో?"

నేను తల ఊపాను.

"ఇద్దరు ఇద్దరే. ఎవరన్న అడుగుతరేమోనని నేనూ చూస్తనే ఉన్న."

"అడిగితే ఇద్దువా?" అన్నారు ఆయన.

"ఇయ్యకపోదును."

కత్తెర తనే తెచ్చుకుంది. మెడ దగ్గర తోలు దళసరిగా ఉంటుందని ఆయన చూపిస్తే, నా కుంకుమ భరిణె మూత ఆన్చి గీయించింది. కోసింది కూడా తనే. ఆయన చెయ్యి చాపినా కత్తెర ఇవ్వలేదు.

"మీ నాయన దీని మీద కూసోని ఊపిరి బిగబడుతుండె," అంది కోస్తూ. "అన్నం సల్లారుతుందని మొత్తుకున్నా వదలకపోతుండె. గాలి పట్టుడు దీనికి మనం నేర్పే పని లేదు."

ఆయన తోలు మీది వెంట్రుకలు గీకి, రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి, నువ్వులనూనెలో నానబెట్టారు. మర్నాడు బొంగరం మొన మీద ఒత్తి గిన్నెలాగా మలిచి కడ్డీకి బిగించారు. అంచు కొద్దిగా విచ్చుకోవాలి, మరీ విచ్చుకుంటే కడ్డీ బిగుస్తుంది. ఆ కొద్దిని సరిచూడడానికి ఒక పూట పట్టింది. చివరికి కడ్డీని నొక్కితే అది వేలిని వెనక్కి నెట్టింది.

ఇప్పుడు ఇంకొక చిక్కు. మడిలో ఉన్నది ఆమె, స్టవ్వు తెలిసింది ఆయనకు. ఆమె లోపల, ఆయన గడప బయట. "కర్పూరం ఆరిపోకముందే పంపు కొట్టు... జర మెల్లగ... చాలమ్మా, చాలు!" అని ఆయన అరుస్తుంటే, "నువ్వు లోపలికి రాకు, చెప్పిన!" అని ఆమె అరిచింది. భగ్గుమని పసుపుపచ్చ మంట లేచింది, తగ్గింది, నీలమైంది. హోరు మొదలైంది.

ఆ హోరును మేము లెక్కలోకి తీసుకోలేదు. వసారాలో కూచుంటే లోపల ఆమె దగ్గుతోందో లేదో వినిపించదు. ఇన్నాళ్లూ ఆ దగ్గును బట్టే ఆమె ఎట్లా ఉందో తెలిసేది. ఆయన లేచి నిలబడ్డారు, కూచున్నారు, మళ్లీ లేచారు. గడప దాకా పోయి వెనక్కి వచ్చారు. లోపలికి పోతే ఇంకొక అన్నం పోతుంది. చేసిన స్టవ్వు పనిచేస్తున్నందుకు ఆయన అంత అవస్థ పడడం నేను ఎప్పుడూ చూడలేదు.

హోరు ఆగింది. అత్తగారు గిన్నె పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా లేవు.

"చెవులు పోతున్నయిరా," అంది. "దీన్ని అడవిల ఎందుకు వాడుతరో ఇప్పుడు తెలిసింది. పులి గూడ దగ్గరికి రాదు."

ఆ వానకాలం గడిచింది. చలికాలం మొదట్లో మళ్లీ వనపర్తి వెళ్లాము. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, ఇంకొకసారి విని, ఏ మందు వాడారని అడిగాడు.

"మందు గాదు," అంది అత్తగారు. "మా ఇంటాయన బతికున్నప్పుడు ఒక్కనాడు పొయ్యికాడికి రాలే. ఇప్పుడు దినాం వచ్చి ఊదుతుండు."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. మా ఆయన విప్పి చెప్పబోతే ఆమె ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

తోలు అరిగినప్పుడల్లా ఆమే చర్మం దించి, తనే కోసి ఇచ్చేది. మెడ వైపు అంచు పొరపొరగా తగ్గుతూ వచ్చింది. ఆమె చాలా ఏళ్లు బతికి, ఒక ఎండాకాలం, నిద్రలో పోయింది. పొగ వల్ల కాదు.

పోయిన ఏడాది మా ఆయన పోయారు. ఆయన గురించి మంచి మాటలు చెప్పినవాళ్లు చాలామంది. అబద్ధమాడని మనిషి అన్నారు, తల్లిని కాపాడుకున్నాడన్నారు. రెండూ నిజమే. నాకు కలపాలనిపించింది ఒక్కటి. మామగారిలాగా ఆయన పోయిన తరువాత పొయ్యి దగ్గరికి రానక్కర్లేదు. బతికినన్నాళ్లూ స్టవ్వు పక్కనే కూచున్నారు. దాని మీద ఒక్కనాడు కూడా వండలేదు.