కంటిన్యుటీ కోసం ఐదు వారాలు

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అక్క ఫోన్ చేసింది.

"తన్వి పోయిందిరా" అంది. ఏడవలేదు కూడా.

తన్వి నా మేనకోడలు. నాలుగేళ్లు నిండి రెండు నెలలు.

ఫిల్మ్‌నగర్‌లో సినిమా పోస్టర్లు డిజైన్ చేసే ఆఫీసులో ఫొటోలు రీటచ్ చేయడం నా ఉద్యోగం. ఆ టైమ్‌కి ఒక హీరోగారి మెడ మీద ముడతలు తీస్తున్నాను. ఫోన్ పెట్టేశాను. ఫైల్ సేవ్ చేశాను. అప్పుడు లేచాను.

ఆ వార్త విన్నాక కూడా ఫైల్ సేవ్ చేసుకున్న మనిషిని నేను. ముందు నా సంగతి తెలుసుకోండి, తర్వాత మిగతావాళ్ల సంగతి చెప్తాను.

పాపని ఇంకా మోతీనగర్ ఇంటికి తీసుకురానేలేదు, తన్వి నటించిన సినిమా ప్రొడక్షన్ ఆఫీసులో పీఆర్ చూసే పెద్దమనిషి మెసేజ్ పెట్టాడు. "వెరీ సారీ బ్రో. హీరోగారితో పాప ఉన్న స్టిల్ ఒకటి కావాలి, కండొలెన్స్ పోస్ట్‌కి. కళ్లు నీట్‌గా ఉన్నది చూసి పంపు."

కళ్లు నీట్‌గా ఉన్నది కావాలట.

అందుకే ఈ పోస్ట్. పైన పెట్టిన ఫొటో చూడండి. తన్వి మూడో పుట్టినరోజున నేనే తీశాను. ఎడమ కన్ను తెల్లగా మెరుస్తోంది కదా, అదీ అసలు ఫొటో. అప్పటి పుట్టినరోజు ఫ్లెక్సీ మీదా, మీ అందరి స్టేటస్‌లలోనూ వచ్చింది నేను బాగుచేసింది. కుడి కంటి నల్లగుడ్డు కాపీ చేసి ఎడమ కంటి మీద పెట్టాను. రెండు నిమిషాల పని.

మీ పిల్లల ఫొటోలో ఒక కన్ను ఇలా మెరిస్తే నాలాంటి వెధవకి పంపకండి. ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మా అమ్మ అప్పుడే అంది. "పిల్ల కంట్ల ఏందో మెరుస్తుందిరా, జర డాక్టర్‌కి చూపియ్యండి" అని. ఫ్లాష్ పడిందమ్మా, నీకు తెలీదు అన్నాను. పదేళ్లుగా స్టార్ల కళ్లు బాగుచేస్తున్న ఎక్స్‌పర్ట్‌ని కదా.

తర్వాత ఆ కంటికి కాస్త మెల్ల వచ్చింది. మెల్లకన్ను అదృష్టమని మా బావ సంబరపడ్డాడు.

బావ కో-డైరెక్టర్. తను పనిచేస్తున్న సినిమాలోనే తన్వికి హీరో కూతురి వేషం ఇప్పించాడు. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. క్లోజప్ పెట్టగానే మానిటర్‌లో అదే మెరుపు. లైట్ మార్చారు. మళ్లీ మార్చారు. మేకప్ ఆవిడ కంట్లో చుక్కలు వేసింది. చివరికి పాపని కుడివైపు నుంచే తీద్దామని తేల్చారు. అంతమంది మేధావులున్నారు, ఒక్కడికీ డాక్టర్ గుర్తుకు రాలేదు.

మా అమ్మ మర్నాడు ఎవరికీ చెప్పకుండా పిల్లని ఆటోలో కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడివాళ్లు మమ్మల్నందరినీ పిలిపించి, రెటినోబ్లాస్టోమా అన్నారు. చిన్నపిల్లల కంట్లో వచ్చే అరుదైన కేన్సర్. ఈ వారంలోనే కన్ను తీసేయాలి, అలా చేస్తే పిల్ల బతకడానికి మంచి అవకాశం ఉంది అని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది.

దానికి మా బావ జవాబు వినండి.

"ఎనిమిది రోజుల వర్కేనండీ. సగం సీను అయిపోయింది. ఇప్పుడు కన్ను తీస్తే మొహం మీద కట్టు, వాపు, కంటిన్యుటీ పోతుంది."

అంటే, ఒకే సీనులో మనిషి మొహం షాట్‌కీ షాట్‌కీ మారకూడదని. డాక్టరమ్మకి ఆ మాట అర్థం కాలేదు. పక్కనే ఉన్న నాకు అర్థమైంది. నోరు మూసుకుని కూర్చున్నాను.

ఈ సినిమా అయితే డైరెక్షన్ చాన్స్ ఇస్తామన్నారని బావ ఆశ. అక్క రోజూ ఏడ్చింది, పోట్లాడింది. హీరోగారు ఫారిన్ వెళ్లారు, డేట్స్ మారాయి. ఎనిమిది రోజులు ఐదు వారాలయ్యాయి. డైరెక్టర్‌గారు పెద్ద మనసు చేసుకుని ఇంటికి పళ్లబుట్ట పంపించారు.

సీను పూర్తయిన మర్నాడు కన్ను తీశారు. అప్పటికే కేన్సర్ కంటి నరంలోకి పాకిపోయింది. ఐదు వారాల ముందు వచ్చి ఉంటే అని అడగబోయాను. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఫైలు మూసేసింది.

తర్వాత కీమో. జుట్టంతా రాలిపోయింది.

సూది గుచ్చిన ప్రతిసారీ తన్వి నర్సు మొహంలోకి చూసి, "ఓకేనా ఆంటీ, వన్ మోరా?" అని అడిగేది. షాట్ మళ్లీ తీయాలా అని షూటింగ్‌లో నేర్చుకున్న మాట. ఆ నర్సమ్మ బయటికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చేది.

మా సినిమావాళ్లు కూడా ఆసుపత్రికి వచ్చారు. సెల్ఫీలు దిగారు. ఒక నటీమణి బొమ్మ తెచ్చి ఇచ్చింది. ఫొటో సరిగా రాలేదని పిల్ల చేతిలోంచి లాక్కుని మళ్లీ ఇచ్చింది. ఇప్పుడు ఆవిడే గుండె పగిలిందని ఇన్‌స్టాలో స్టోరీ పెట్టింది. పగలడానికి ఉండాలి కదా.

"మన సినిమా ఎప్పుడొస్తది మామా?" అని తన్వి రోజూ అడిగేది.

పోయిన నెల పోస్టర్ పని మీద ఎడిటింగ్ రూమ్‌కి వెళ్లాను. సినిమా మొత్తం చూశాను. తన్వి సీను లేదు. లాగ్ అయింది బ్రో, కథ నడవట్లేదు, లేపేశాం అన్నాడు ఎడిటర్, కాఫీ తాగుతూ. బావకి ఆ సంగతి ముందే తెలుసు.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి, తెరంతా నువ్వే తల్లీ అని చెప్పాను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

తన్వీ, ఆ సినిమాలో నువ్వు లేవు.

నీతో చెప్పే ధైర్యం లేక ఊళ్లోవాళ్లందరికీ చెప్తున్నాను. ఈ మామని క్షమించకు.

మా మొహాలేవీ కనపడని చోట ప్రశాంతంగా నిద్రపో, బంగారం.