తెలంగాణ అన్న మీద నేను వేయబోయిన దావా

ఆ రోజుల్లో మనకు అన్యాయం జరిగితే వినడానికి ఎక్కడో ఒక కోర్టు ఉండే తీరుతుందని నాకు గట్టి నమ్మకం. మా నాన్న తెనాలిలో ప్లీడరు గుమస్తా. "దావా ఎంత బలమైనదైనా తప్పు కోర్టులో వేస్తే చెత్తబుట్టకేరా" అనే మాట నేను అన్నంతో పాటు తిని పెరిగాను. ఆ తిండి న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్లో చదువుకుంటున్నప్పుడు అరగక బయటపడింది.

అక్కడ చలికాలం నాలుగున్నరకే దీపాలు వేసుకోవాలి. మా ఫ్లాట్‌లో ఉన్నది ఇద్దరమే, నేనూ, హన్మకొండ నుంచి వచ్చిన అన్నా. (నాకన్నా రెండేళ్ళు పెద్ద. నన్ను 'ప్లీడరు తమ్మీ' అని పిలిచేవాడు.) నాతో తెలుగులో మాట్లాడే మనిషి ఆ ఊళ్ళో ఆయనొక్కడే. అటువంటి మనిషితో కుక్కర్ దగ్గర తగువు పడ్డాను. అమ్మ తువ్వాళ్ళలో చుట్టి సూట్‌కేసులో పెట్టిన మూడు లీటర్ల కుక్కర్ అది. అన్న నన్నడక్కుండా దాన్ని కొత్తగా వచ్చిన కుర్రాడెవడికో ఇచ్చేశాడు. ఆ కుర్రాడు వారం తిరక్కుండా కుక్కర్‌తో సహా పామర్‌స్టన్ నార్త్ అనే దూరపు ఊరికి వెళ్ళిపోయాడు. నేను అరిచాను. అరిచి ఊరుకుంటే పోయేది, "మీవాళ్ళంతా ఇంతే" అని కూడా అన్నాను. అన్న నా వంక ఒకసారి చూసి తన గదిలోకి వెళ్ళాడు. అంతే, మూడు వారాలు ఆ ఇంట్లో తెలుగు వినబడలేదు. మాట్లాడాలనిపించి కెటిల్‌తో మాట్లాడిన రోజులున్నాయి.

తప్పు నాదని తెలిసినకొద్దీ కోపం ఆయన మీదే పెరిగింది. ఇంటర్నెట్ తెరిచి చట్టం చదవడం మొదలుపెట్టాను. వాది ఒక రాష్ట్రంవాడు, ప్రతివాది వేరే రాష్ట్రంవాడు అయితే, ఏ పక్షానికీ మొగ్గు లేకుండా ఫెడరల్ కోర్టు వింటుందని ఒకచోట కనబడింది. నాది ఆంధ్రప్రదేశ్, ఆయనది తెలంగాణ! రాష్ట్రాన్ని విడదీసింది నా కేసు కోసమేనేమో అన్నంత సంబరపడ్డాను. వివాదం విలువ పెద్ద మొత్తం దాటాలని కూడా రాసి ఉంది. అమ్మ చెయ్యి పడ్డ కుక్కర్‌కి విలువ కట్టేదెవరు, దాటుతుందిలే అని నేనే తీర్పు చెప్పుకున్నాను.

లైబ్రరీలో శనివారాలు ఉచితంగా న్యాయసలహా ఇచ్చే ఒక పెద్దావిడ ఉండేది. నా వాదనంతా ఓపిగ్గా విని, కళ్ళద్దాలు తీసి, "బాబూ, నువ్వు చదివింది అమెరికా సంగతి. ఇక్కడ రాష్ట్రాలే లేవు, ఫెడరల్ కోర్టులెక్కడివి?" అంది. అద్దె తగాదాలు వినే ట్రిబ్యునల్ ఫ్లాట్‌మేట్ల గొడవలు వినదని, చిన్న తగాదాలకు వేరే ట్రిబ్యునల్ ఉందని చెప్పి, ఆ ఫారమ్ ముందు పెట్టింది. ప్రతివాది చిరునామా అన్నచోట నా చిరునామానే రాశాను. ఆవిడ అది చూసి, "ఒకే ఇంట్లో ఉంటూ ఇంత దూరం వచ్చావా? ముందు అతనికి ఒక ఉత్తరం రాయి" అంది. ఫారమ్ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

అయినా గుమస్తా కొడుకుని కదా! "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టి ఒకటిన్నర పేజీ నోటీసు రాసి, అన్న గది తలుపు కింద నుంచి తోశాను. మర్నాడు పొద్దున ఫ్రిజ్ మీద జవాబు అంటించి ఉంది.

"నోటీసు ముట్టింది. కుక్కర్ అడగకుండ ఇచ్చిన, తప్పు నాదే, ఒప్పుకుంటున్న. కానీ 'మీవాళ్ళంతా' అన్నవు సూడు, దాని మీద నేను గూడ కేసేస్త. అది ఇనే కోర్టు ఈ దేశంల లేదు తమ్మీ. మనిద్దరమే ఇనుకోవాలె. చాయ్ పెడుతున్న, రా."

వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. "తప్పయిపోయింది అన్నా" అనేసరికి ఏడుపొచ్చింది. "చల్లారుతది, ముందుగాల తాగు" అన్నాడు. కుక్కర్ మళ్ళీ రాలేదు. మిగిలిన చలికాలమంతా పప్పు గిన్నెలోనే ఉడికించాం. అది ఉడికేదాకా పొయ్యి దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

తర్వాత అన్నకి పామర్‌స్టన్ నార్త్‌లో ఉద్యోగం వచ్చింది. (కుక్కర్ కనబడితే పట్టుకురమ్మన్నాను.) నేను డునెడిన్‌లో సెటిల్ అయ్యాను. ఇల్లుంది, కొత్త కుక్కరుంది, పప్పు పది నిమిషాల్లో ఉడుకుతుంది. పండగలకి ఆయన దగ్గర్నుంచి ఫోన్‌కి ఒక శుభాకాంక్షల బొమ్మ వస్తుంది, నేనూ ఒక బొమ్మ పంపుతాను. మొన్న ఆదివారం పాత కాగితాలు సర్దుతుంటే ఆ ఫారమ్ దొరికింది. వాదికీ ప్రతివాదికీ ఒకటే చిరునామా. ఆ చలికాలంలో నాకెవరూ లేరనుకున్నాను, పిచ్చివెధవని.