తలుపు మీది నెమళ్లు

నిన్న హనుమకొండలో పాత పుస్తకాల కుప్ప ముందు ఆగి, అట్ట చిరిగిన ఒక వారపత్రిక తీశాను. పేజీ తిప్పగానే ముక్కు మండి రెండు తుమ్ములు వచ్చాయి. పక్కనున్న కోడలు దుమ్మనుకుంది. దుమ్ము కాదు, తంబాకు. బీడీలు చుట్టే ఏ ఇంట్లోనో ఏళ్ల తరబడి పడి ఉన్న పుస్తకమది. ఆ ఘాటుతోపాటే నాకు సరోజనక్క గొంతు వినిపించింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. నేను చూసింది కూడా రెండేళ్లే.

డెబ్భైల చివర, వరంగల్ రంగశాయిపేటలో మల్లమ్మ అనే పెద్దామె ఇంటి అరుగు మీద ఏడుగురం ఆడవాళ్లం బీడీలు చుట్టేవాళ్లం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. ఘాటుకు ముక్కూ నోరూ మూసుకునేలా గుడ్డ కట్టుకునేవాళ్లం. మాలో చదువు వచ్చింది మల్లమ్మ వెనక గదిలో అద్దెకు దిగిన సరోజనక్క ఒక్కతికే. ఎండాకాలంలో కూడా ఆమె మణికట్టు దాకా చేతులున్న రవిక తొడిగేది. ఏ ఊరని అడిగితే "ఊరు లేదు" అనేది. బీడీ చుట్టడం ఆమెకు ఎంతకీ అబ్బలేదు. ఆమె చుట్టినవి పొట్ట పగిలి తంబాకు రాలేది. చివరికి మల్లమ్మే దారి చెప్పింది. "నువ్వు పుస్తకం సదువు బిడ్డా. నీ చాట మేం నింపుతం." అప్పటినుంచి అదే మా పద్ధతి. ఆమె అద్దెకు తెచ్చిన వారపత్రికలో సీరియల్ చదివేది. మేం చుట్టిన వాటిలోంచి తలా ఒక గుప్పెడు ఆమె చాటలో వేసేవాళ్లం.

ఆ సీరియల్ కోసం మేం వారమంతా ఎదురుచూసేవాళ్లం. చదువుకున్న ఒక పిల్ల దొరల గడికి, అంటే కోటలాంటి ఇంటికి, కోడలిగా వెళ్తుంది. భర్త మొదటి భార్య ఎలా చనిపోయిందో ఆమెకు ఎవరూ చెప్పరు. మేడ మీద తాళం వేసిన గది ఒకటుంటుంది. ఆ తలుపు అవతల నుంచి ఒక మగగొంతు ఆమెను పేరు పెట్టి పిలుస్తుంది. ఎప్పుడో చనిపోయినవాడి గొంతు. రోజూ ముందుగా అడిగేది ఒకటే మాట, "అన్నం తిన్నావా?"

"నా మొగడు పదిహేనేండ్లల ఒక్కపారన్న గా మాట అడగలె," అంది నా పక్కన కూర్చునే రాజవ్వ.

"సచ్చినంక అడుగుతడేమో, జర ఓపిక పట్టు," అంది మల్లమ్మ.

అరుగంతా నవ్వింది. సరోజనక్క మాత్రం పుస్తకంలోంచి తలెత్తలేదు. ఆ తర్వాతి వారం ఆ గొంతు "ఈ పూట పాలు తాగకు" అంది. మా చేతులు చాటల్లోనే ఆగిపోయాయి. గడి వాకిలి తలుపు మీద రెండు నెమళ్లు చెక్కి ఉంటాయనీ, ఎడమవైపు నెమలికి తల విరిగిపోయిందనీ కూడా ఆమె అప్పుడే చదివింది. చదివేటప్పుడు వేలు వరుస కింద పెట్టి నడిపేది. కొన్నిచోట్ల వేలు నిలిచిపోయేది. గొంతు మాత్రం సాగుతూనే ఉండేది. చదవడమంటే అలాగే ఉంటుందనుకున్నాను.

"ఆ గొంతు ఎవలిదక్కా?" అని ఒకరోజు అడిగాను.

"తలుపు అవతలిది. తాళంచెవి నా దగ్గర లేకుండె," అంది. ఆ 'నా దగ్గర'ను నేనప్పుడు పట్టించుకోలేదు.

ఆ ఏడు మేడారం జాతరకు వెళ్లాను. వాగు ఒడ్డున పొయ్యి పెట్టుకుని, పక్క పొయ్యి వాళ్లకు మా సీరియల్ చెప్పడం మొదలుపెట్టాను. చుట్టూ పదిమంది చేరారు. నాకు మహా గర్వంగా ఉంది. నెమళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక ముసలామె గరిటె కింద పెట్టింది.

"ఒక నెమలికి తలకాయ లేదా బిడ్డా?"

"లేదవ్వా. నీకెట్ల ఎర్క?"

"మరిపెడ అవతల మా ఊరి దొర గడి తలుపు గట్లనే ఉంటది. చిన్నకోడలు బాయిల పడ్డదన్నరు. బాయంత తోడిన్రు, పీనుగ దొరకలె. సదువుకున్న పిల్లనట. దొరసాండ్లు బయటికి రారు గద, మేమెవలం ఆమె మొఖం సూడలె. మా కొడుకు ఆ గడిలనే పని జేస్తడు." నా దగ్గరికి జరిగి, "గీ కథ ఎవలు సదివిండ్రు?" అంది.

నాకు చదువు రాదని అంతమంది ముందు చెప్పుకోవడానికి సిగ్గేసింది. "నేనే," అన్నాను. అడగకముందే రంగశాయిపేట అనీ, మల్లమ్మ అరుగు అనీ కూడా చెప్పాను. తిరుగు బస్సులో కూర్చున్నాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. చదువు, పొడుగు చేతుల రవిక, "ఊరు లేదు" అనే మాట, అన్నీ ఆ చిన్నకోడలి దగ్గరికే వచ్చి ఆగాయి.

ఇంటికి కూడా పోకుండా సరోజనక్క గదికి వెళ్లి చెప్పాను. ఆమె తిట్టలేదు. రవిక చేయి పైకి జరిపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ.

"నా దినం జేసి ఊరందరికి అన్నం పెట్టిన్రు, లచ్చిమీ. ఇంక నేను బతికుంటె వాళ్లకు కుదరదు," అంది.

"ఇయ్యాల్నే ఎటన్న ఎల్లిపో అక్కా!"

"ఎటు పోను?" దూరాన ఒక స్నేహితురాలుంది. ఆమెకు ఉత్తరం రాసింది. జవాబు వచ్చేదాకా ఇక్కడ ఉండక తప్పదు. ఆ రోజుల్లో వాడకట్టులో సైకిల్ బెల్లు మోగినా లేచి మలుపు దాకా చూసొచ్చేదాన్ని.

పోస్టుమాన్ కంటే ముందు జాతరలో కలిసిన ముసలామె కొడుకే వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. తెల్లధోవతి, చేతిలో కర్ర, మొహం నిండా నవ్వు. "జాతరల కథ జెప్పిన పిల్ల ఎవలు? మా అవ్వ మస్తు మెచ్చుకున్నది," అంటూ అరుగు మీద ఒక్కొక్కరినీ చూశాడు. అందరి మొహాలకూ గుడ్డలే. సరోజనక్క చేతిలోని పుస్తకం అప్పటికే కింద పెట్టేసింది. ఒడిలో చాట ఉంది. దాని నిండా మేం వేసిన బీడీలు. చూసేవాళ్లకు మా అందరిలో పనిమంతురాలు ఆమే.

"నేనే," అన్నాను.

"నీకు సదువొస్తదా?"

"రాకుంటె ఎట్ల జెప్త?"

అతను ఆ పుస్తకం తీసి, ఎక్కడో తెరిచి నా చేతిలో పెట్టాడు. "అయితే సదువు. ఇనిపోత."

నాకు రాదని తేలితే, చదివేది ఇంకొకరని తేలుతుంది. పేజీలో ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. ఆమె తల పైకి ఉండేలా పట్టుకున్నాను. వరుస కింద వేలు పెట్టి, సరోజనక్క నడిపినట్టే నడిపిస్తూ, విన్నది విన్నట్టు అప్పజెప్పాను. నెమళ్ల చోటు వచ్చింది. "తలుపు మీద రెండు ఏనుగులు ఉన్నాయి," అన్నాను.

"నెమళ్లు గాదా?"

"ఏనుగులే. జాతరల యాదికి లేక నెమళ్లన్న. కావాల్నంటె నీ కండ్లతోని నువ్వే సూస్కో." పుస్తకం అతని మొహం ముందుకు తోశాను.

అతను చాలాసేపు చూశాడు. వాడకట్టులో ఎవరిదో మేక అరిచింది. "ఆఁ, ఏనుగులే," అన్నాడు చివరికి. వంగి సరోజనక్క చాటలోంచి ఒక బీడీ తీసి ముట్టించుకున్నాడు. "మంచిగ చుట్టినవ్," అని ఆమెతో అని వెళ్లిపోయాడు.

అతను మలుపు తిరిగాక సరోజనక్క ఆ పేజీ చూసింది. "ఇది తలనూనె ప్రకటన లచ్చిమీ," అంది. నవ్వుతూనే ఏడ్చింది. "ఆయనకూ సదువు రాదు. రాదని చెప్పనీకె సిగ్గుపడ్డడు." తర్వాత కళ్లు తుడుచుకుని, "మల్ల ఎవలన్న వస్తె వాళ్లకు సదువొస్తది," అంది.

జవాబు కోసం ఆగకుండా మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. అద్దె షాపులో పైకం కట్టి కొనేసిన ఆ సీరియల్ పుస్తకాల కట్ట నా ఒడిలో పెట్టి, "నేర్చుకో. అప్పుడు నువ్వు చెప్పింది అబద్ధం గాదు," అంది. ఎక్కడికో చెప్పలేదు. నేనూ అడగలేదు. అప్పటికే నా నోరంటే నాకు భయం పుట్టింది.

నాకు నలభై ఐదేళ్ల వయసు దాటాక వయోజన విద్య తరగతిలో అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదవడం రాగానే ఆ కట్ట విప్పాను. అచ్చులో ఉన్న కథ పట్నంలో జరుగుతుంది. గడి లేదు, నెమళ్లు లేవు. దయ్యం గొంతు ఆస్తి కోసం ఒకడు ఆడే నాటకం. హీరోయిన్ ఆ పాలు తాగి చనిపోతుంది. "అన్నం తిన్నావా" అనే మాట మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు వెతికాను. ఎక్కడా లేదు. అయితే ఆమెను అలా అడిగిందెవరు? తాళం వేసిన గదిలో నిజంగా ఎవరైనా ఉన్నారా? లేక ఆ ఇంట్లో అలా అడిగేవాళ్లు ఒక్కరూ లేక ఆమే కల్పించుకుందా? ఇన్నేళ్లలో ఆమె నుంచి కబురు లేదు. వాళ్లకు దొరకలేదనే నమ్ముతున్నాను.

నిన్న కొన్న పత్రిక మధ్యాహ్నం కోడలికి వినిపిస్తూ కూర్చున్నాను. ఒక పాత ఇంటి తలుపు వర్ణన వచ్చింది. బియ్యంలో రాళ్లు ఏరుతున్న కోడలు వంగి పేజీలోకి చూసింది.

"అత్తమ్మా, అండ్ల సింహాలని ఉన్నది గద. ఏనుగులంటవేంది?"

"నాకు గట్లనే కనపడ్డయి బిడ్డా," అన్నాను.

కళ్లు బాగానే కనిపిస్తాయి నాకు. కానీ ఏ కథలో తలుపు వచ్చినా పైకి చదివేటప్పుడు దాని గుర్తులు మార్చేస్తాను. అది ఎవరి ఇల్లో, ఎవరు వింటున్నారో నాకు తెలియదు కదా.