గుర్వయ్య తాత ఎక్కిన గోడ

కేతేపల్లి గుర్వయ్య తాత తలుచుకుంటే నందికొండ ఆనకట్టకు మోకు చుట్టి ఎక్కగలడు. గేట్ల మీద కూర్చుని బీడీ ముట్టించి, అది ఆరకముందే దిగి రాగలడు. ఈ మాట ఆయన ఎన్నడూ అనలేదు. మనవరాలు నిహారికే కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటుంది.

తాత తాటిచెట్లు ఎక్కి కల్లు గీసే మనిషి. తన నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడే మోకు. కరోనా తరువాతి ఎండాకాలంలో తాత చెట్టు మీద ఉండగానే అది తెగి, కింద పడ్డాడు. దవాఖానలో ఎడమకాలు మోకాలి పైదాకా తీసేశారు. అప్పటి నుంచి ఆయన చెట్లను పాలివాడు మల్లేశ్ గీస్తున్నాడు. ఈ ఏడు దాటితే ఊరి గీత కార్మికుల సంఘం వాటిని మల్లేశ్ పేరనే రాసేస్తుంది. తాతది ఒకటే పట్టు.

"ఒక్కపారి పైకి పోయి గీసిన్నంటే నా చెట్లు నాకే ఉంటయి."

ఇంటర్ తప్పిన నిహారికకు నల్లగొండలో పని దొరికింది. అక్కడ పాత బియ్యం గోదాములో గోడకు రంగురంగుల ప్లాస్టిక్ ముద్దలు బిగించి, జనానికి ఎక్కడం నేర్పుతారు. ఆదివారాలు కాళ్లూ చేతులూ సరిగా లేనివాళ్లకు. నేర్పే గిరికి కూడా ఒక కాలు పోలియోతో సన్నబడింది. ఆ సంగతి వినగానే తాత చంకకర్ర అందుకున్నాడు.

గోదాములో గోడను చూసి ముఖం చిట్లించాడు.

"గిదేం గోడనే, పెండ్లిపందిరి లెక్క. గిన్ని రంగులెందుకు?"

"ఒక్కో దారికి ఒక్కో రంగు, అది చూసి ఎక్కాలె తాత. నీకు కండ్లు ఆనయి గద, దొరికింది పట్టుకో."

తాడు ఒక కొస తాత నడుముకు కట్టి, పైనున్న చక్రం మీదుగా తెచ్చి, రెండో కొస నిహారిక తన నడుముకు తగిలించుకుంది.

"నువ్వా నన్ను పట్టేది? బక్కపోరివి. తిన్నవా?"

"తిన్న. నువ్వే జర తక్కువ తిని రావాల్సింది."

తాత ఎక్కాడు. చేతులు ఇంకా పాత చేతులే. ఒంటికాలు ఎగిరెగిరి ముద్దల మీద నిలిచింది. సగం దాటేసరికి కింద జనం గుమిగూడారు. పైన కొట్టాల్సిన గంట ఉంది. తాత దాని వైపు చూడలేదు. చెట్టు తల అందినప్పుడు చేసే పనే చేశాడు. తాడు మీద వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి, నడుముకు కత్తి కోసం తడుముకున్నాడు.

కత్తి లేదు. ఒంటికాలి మీద ఒళ్లు గిర్రున తిరిగి, భుజం గోడకు కొట్టుకుంది.

"దించమ్మా, దించు," అన్నాడు గిరి.

"ఆగుండ్రి," అన్నాడు తాత పైనుంచి.

గోడకు తిరిగి, కాలు ఆనించి మళ్లీ వాలాడు. ఒక్క కీలు మీద వేలాడే తలుపులా మళ్లీ తిరిగాడు. చెట్టు గీయాలంటే చేతులు ఖాళీ కావాలి. చేతులు ఖాళీ కావాలంటే రెండు కాళ్లు చెట్టును పట్టాలి. ఇన్నాళ్లూ ఆయన ఎక్కడం గురించే ఆలోచించాడు. పైన నిలబడడం గురించి కాదు.

మూడోసారి వాలలేదు.

"ఇగ దించు బిడ్డా."

కింద అందరూ చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు. కేతేపల్లిలో బస్సు దిగాక తాత ఇంటికి రాలేదు. మల్లేశ్ వాకిట్లో ఆగి, "చెట్లు నువ్వే గీసుకోరా," అని చెప్పి, అప్పుడు వచ్చాడు. అన్నం ముట్టలేదు.

నిహారిక ఇదంతా రాసి, ఆనకట్ట ముచ్చటతో సహా చదివి వినిపించింది.

"ఎట్లున్నది తాత?"

"కట్టలు, గేట్లు ఎందుకే? గోడ ఎక్కిచ్చి నా చెట్లు పోగొట్టినవ్. గది రాయి."