కర్రోడి ఆపరేషన్, కాంపౌండరు చిన్నాయన

మా ఎదురింటి కాంపౌండరు చిన్నాయన పోయిన నెల కన్నుమూశారు. తెల్లవారి నమాజు చేసుకుని, ఆయాసంగా ఉందని మళ్లీ పడుకున్నారట. అంతే. గిద్దలూరు చుట్టుపక్కల పశువులున్న ఇళ్లన్నిటికీ గంటలో కబురు చేరింది.

పశువుల ఆసుపత్రిలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. ఏ జీవి దగ్గరికెళ్లినా ముందు మెడ నిమిరి, "ఏందిరా, ఏమైంది?" అని అడిగేవారు. జవాబు వస్తుందన్నట్టే కాసేపు ఆగేవారు. సూది ఆ తర్వాతే. "నోరు లేనిదాని కాడ తొందర పనికిరాదు" అనేవారు. ఈ ఓపిక తన దగ్గర మాత్రం ఉండదని ఆయన భార్య, మా పిన్నమ్మ, నవ్వుతూ ఫిర్యాదు చేసేది.

మా కర్రోడు నాయన గొర్రెలకు కాపలా ఉండే నల్లటి మగకుక్క. ఏటా చిత్త కార్తెలో ఆడకుక్కల వెంటపడి పోయి, వారానికి గానీ ఇల్లు చేరేవాడు కాదు. పోయిన ఏడు చెవి చీలి, కాలీడ్చుకుంటూ వచ్చాడు. ఇంకోసారి ఇలా అయితే దక్కడని భయపడి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామన్నాను. నాయన భగ్గుమన్నాడు.

"పౌరుషం తీసేస్తే అది కుక్కనా? ఊరకుక్కలు మంద మీద పడితే నువ్వు పోయి మొరుగుతావా?"

మా అరుగు మీద టీ తాగుతున్న చిన్నాయన గ్లాసు కింద పెట్టారు. "అన్నా, నీ ఎద్దులన్నిటికీ విత్తులు పట్టకారుతో నొక్కింది నేనే గదా. ఒక్కటన్నా కాడి మోయనన్నదా?"

నాయన కర్రోడి వైపు చూశాడు. "అట్లయితే దీనికీ నువ్వే నొక్కు తమ్ముడా. పో, పట్టకారు తెచ్చుకో" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. చిన్నాయన నవ్వలేదు.

"కుక్కకు అట్ల కాదన్నా. మత్తిచ్చి డాక్టరు కోయాల. ఆ ఎద్దులకు మత్తు లేకుండానే నొక్కినా. అప్పుడు మాకు తెలిసింది అంతే. వాటి అరుపులు ఇంకా చెవుల్లో ఉండాయి."

ఆ మాట ఆయన నోట నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

మొన్న ఎండాకాలంలో గిద్దలూరులో చేయించాం. ఆటోలో పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కర్రోడి తల ఆయన ఒళ్లోనే ఉంది. పది రోజులు పూటపూటా వచ్చి కుట్లు చూశారు. నాయన మాత్రం అటు తిరిగి కూర్చుని, "చిత్త కార్తె రానీ, నీ వైద్యం సంగతి తేలుతుంది" అని దెప్పేవాడు.

కార్తె వచ్చేసరికి ఆయన లేరు. మొన్న పొద్దున ఏడెనిమిది కుక్కలు ఒక ఆడకుక్క వెనకాల మా దొడ్డి వైపు వచ్చాయి. నాయన కర్ర పట్టుకుని చూస్తున్నాడు. కర్రోడు లేచాడు గానీ వాటిలో కలవలేదు. గొర్రెపిల్లల తడిక ముందు అడ్డంగా నిలబడి మొరిగాడు. తర్వాత గుంపునంతా ఊరి బయటి వంక దాకా తరిమి, ఎగరొప్పుతూ తిరిగొచ్చాడు.

"తమ్ముడా! చూసినావా వీణ్ణి!" నాయన ఎదురింటి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

ఆ ఇంటి తలుపు కొంచెం తెరుచుకుంది.

"ఏంది బావా?" లోపలి నుంచి పిన్నమ్మ గొంతు. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటిస్తూ ఆమె బయటి మగవాళ్లకు ఎదురుపడదు.

నాయన కర్ర కింద పడేసి, రోడ్డు దాటి, వాళ్ల మెట్టు మీద కూర్చున్నాడు. "ఆయన చెప్పిందే నిజమైందమ్మా" అని, కుక్క చేసిన పనంతా ఆ తలుపుకు మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.